ఎల్విస్ పాత టేపులపై తెగని పంచాయితీ

1956 జూలై 2న న్యూయార్క్‌లోని ఆర్‌సీఏ రికార్డు కంపెనీ స్టూడియోలో అమెరికన్ రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ "హౌండ్ డాగ్" పాటను 31 సార్లు పాడాడు. అప్పటికి అతని వయసు 21. అదే రోజు పాడిన "డోంట్ బీ క్రూయల్" 28 టేకుల దాకా వెళ్లింది. ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ వర్ట్‌హైమర్ ఆ రోజు స్టూడియోలోనే ఉన్నాడు. స్పీకరు దగ్గరికి చేరి, తన గొంతు తనే వింటూ, ఏది ఉంచాలో ఏది వదిలెయ్యాలో తేల్చుకుంటున్న ఎల్విస్‌ను అతని కెమెరా దగ్గరగా పట్టుకుంది. ఆ ఫొటోలను ఇవాళ ఎవరైనా చూడొచ్చు. ఎల్విస్ వద్దనుకున్న ఆ 30 టేకులను మాత్రం వినలేం. ఇన్నేళ్లలో ఒక్కటీ బయటికి రాలేదు. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు. మాస్టర్, అంటే విడుదలకు ఎంచిన తుది ప్రతి, తయారయ్యాక మిగతా రీళ్లను తుడిచి మళ్లీ వాడటమో, గది ఖాళీ చెయ్యడానికి పారెయ్యడమో రికార్డు కంపెనీల్లో మామూలుగా జరిగేది.

అదే స్టూడియోలో ఐదు నెలల ముందు, ఫిబ్రవరి 3న, "లాడీ మిస్ క్లాడీ" పాట రికార్డు చేసినప్పటి టేపు అదృష్టవశాత్తు బతికింది. ఆ టేకులు వరసగా వింటే పాట ఎలా కుదురుకుందో తెలుస్తుంది. ఒకసారి పియానో ముందుకొస్తుంది, ఒకసారి గొంతు తడబడుతుంది, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడతారు. విడుదలైన పాట ఒక్కటే వింటే ఎల్విస్ గొంతు తెలుస్తుంది. పక్కన పెట్టిన టేకులు కూడా వింటే అతని చెవి తెలుస్తుంది. ఆర్‌సీఏ రికార్డుల మీద నిర్మాతగా అతని పేరు ఉండేది కాదు. అయినా ఏ టేకు బయటికి వెళ్లాలన్నది చాలావరకు అతనే తేల్చేవాడు. అందుకే అతని టేపుల పునర్విడుదలల మీద పాత రికార్డుల సేకర్తలు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. పైకి అది ధరలు, అట్టపెట్టెలు, శబ్దనాణ్యత గురించిన గొడవలా కనిపిస్తుంది. లోపల ఉన్న ప్రశ్న వేరు. ఒక పాటకు అసలు ప్రతి ఏది? జనం విన్నదా, టేపు మీద ఉన్నదా?

ఈ ప్రశ్న ఇంత పెద్దదవడానికి ఒక పాత లావాదేవీ కొంత కారణం. సన్ రికార్డ్స్ యజమాని సామ్ ఫిలిప్స్ 1955 నవంబరులో ఎల్విస్ ఒప్పందాన్ని 35,000 డాలర్లకు ఆర్‌సీఏకు అమ్మాడు. సన్‌లో తీసిన టేపులూ దాంతోపాటే ఆర్‌సీఏ చేతికి వెళ్లాయి. 1973లో అంతకంటే పెద్ద బేరం జరిగింది. అప్పటివరకు పాడిన పాటల మీద రావలసిన రాయల్టీ హక్కులను ఎల్విస్, అతని మేనేజరు కర్నల్ టామ్ పార్కర్ కలిసి 54 లక్షల డాలర్లకు కంపెనీకే వదిలేశారు. దాంతో పాత పాటలను ఎన్నిసార్లు, ఏ రూపంలో అమ్మినా గాయకుడికి పైసా ఇవ్వనక్కర్లేని పరిస్థితి వచ్చింది. నాలుగేళ్లకు, 1977 ఆగస్టు 16న, ఎల్విస్ చనిపోయాడు. ఆ తరవాత పాత పాటలను మళ్లీ మళ్లీ మార్కెట్లో పెట్టిన తీరు ఈ బేరం తెలిస్తేనే సరిగ్గా అర్థమవుతుంది. సేకర్తలకు కంపెనీ మీద ఉన్న అనుమానానికి పునాది అక్కడే పడింది.

అనుమానం ఊరికే పుట్టలేదు. 1950ల మోనో పాటలను 1960లలో ఆర్‌సీఏ "ఎలక్ట్రానిక్ స్టీరియో" పేరుతో మార్చి అమ్మింది. ఒకే ట్రాక్ మీద ఉన్న శబ్దాన్ని తీసుకుని సన్నని ధ్వనులను ఒక స్పీకరుకు, లావు ధ్వనులను ఇంకో స్పీకరుకు మళ్లించి, కాస్త ప్రతిధ్వని కలిపితే వచ్చేదే ఆ నకిలీ స్టీరియో. గొంతు గదంతా పరుచుకున్నట్టు ఉంటుంది గానీ పాటలోని పట్టు పోతుంది. అసలు మోనో ప్రతులు దుకాణాల్లోంచి మాయమై, కొత్త తరం శ్రోతలకు ఆ నకిలీయే అసలైంది. 1980లలో సీడీలు వచ్చినప్పుడు మొదటి ఆల్బమ్‌లు కొన్ని మళ్లీ ఆ రూపంలోనే వచ్చాయి. గోల జరిగాక మోనోలో తెచ్చారు.

ఆ కాలంలోనే మంచి ప్రయత్నాలూ జరగలేదని కాదు. ఆర్‌సీఏలో జోన్ డియరీ పూనుకుని 1974లో "ఎ లెజెండరీ పెర్ఫార్మర్" వరసను మొదలుపెట్టింది. విడుదల కాని టేకులను అభిమానులు అధికారికంగా విన్నది దాంతోనే. 1980లో వచ్చిన 8 ఎల్పీల వెండిరంగు పెట్టెలో 1969 లాస్ వేగాస్ ప్రదర్శన ఒకటి ఉంది. "ఆర్ యూ లోన్‌సమ్ టునైట్" పాడుతూ ఎల్విస్ నవ్వు ఆపుకోలేకపోయిన రాత్రి అది. వెనక పాడుతున్న స్త్రీ గొంతు ఏమీ పట్టనట్టు రాగం తీస్తూనే ఉంటుంది, అతను నవ్వుతూనే ఉంటాడు. పాట చెడిపోయింది, రికార్డింగు మాత్రం అపురూపమైంది. మరుసటి ఏడాదే దీనికి పూర్తిగా ఎదురు దిక్కులో "గిటార్ మ్యాన్" ఆల్బమ్ వచ్చింది. ఎల్విస్ చివరి ఏళ్ల నిర్మాత ఫెల్టన్ జార్విస్ పాత పాటల్లోంచి గొంతును మాత్రం ఉంచి, చుట్టూ కొత్త వాద్యాలు వాయించి చేర్పించాడు. చనిపోయిన గాయకుడి చుట్టూ కొత్త బ్యాండు కట్టడం న్యాయమా అన్న తగువు అప్పుడు రాజుకుంది. ఇప్పటికీ చల్లారలేదు.

పరిస్థితి నిజంగా మారింది 1990లలో. డెన్మార్క్‌కు చెందిన ఎర్న్‌స్ట్ యోర్గెన్‌సన్, బ్రిటన్‌కు చెందిన రోజర్ సెమన్ అప్పటికి ఆర్‌సీఏ యాజమాన్యం చేపట్టిన బీఎమ్‌జీలో పనిచేసేవాళ్లు. ఇద్దరూ కలిసి 1992లో 1950ల మాస్టర్లన్నీ ఒకచోట చేర్చిన ఐదు సీడీల పెట్టె తెచ్చారు. 1960లకు, 1970లకు అలాంటివే 1993, 1995లలో వచ్చాయి. యోర్గెన్‌సన్ చేసిన పనిలో పాటల కూర్పు ఒక భాగం మాత్రమే. ఏ పాట ఏ రోజు, ఎవరి వాద్యంతో, ఎన్నో టేకులో పూర్తయిందో స్టూడియో చిట్టాలు, టేపు పెట్టెల మీది రాతలు పోల్చి తేల్చాడు. 1998లో ఆ వివరాలన్నీ పుస్తకంగా వచ్చాయి. సేకర్తలు తగువు పడేటప్పుడు ముందు తెరిచేది దాన్నే. ఏ విడుదల మీద ఎంత కోపం ఉన్నా, ఈ పరిశోధన లేకపోతే వాదించుకోవడానికి ఆధారమే ఉండేది కాదన్నది ఒప్పుకోవాలి.

1999లో ఇద్దరూ "ఫాలో దట్ డ్రీమ్" అనే ప్రత్యేక లేబుల్ మొదలుపెట్టారు. సేకర్తలందరూ దాన్ని ఎఫ్‌టీడీ అనే పిలుస్తారు. మామూలు దుకాణాల్లో పెట్టకుండా అభిమాన సంఘాల ద్వారా, తపాలా అమ్మకందారుల ద్వారా అమ్మడం దాని పద్ధతి. ఎందుకు పుట్టిందో తెలియాలంటే బూట్‌లెగ్‌ల సంగతి చెప్పాలి. 1970ల నుంచే ఎల్విస్ కచేరీల దొంగ రికార్డులు తిరుగుతున్నాయి. 1990లలో ఫోర్ట్ బ్యాక్స్‌టర్ లాంటి అజ్ఞాత లేబుళ్లు ఏకంగా కచేరీ మిక్సర్ నుంచి నేరుగా తీసిన సౌండ్‌బోర్డు టేపులను, చక్కటి అట్టలతో, అధికారిక విడుదలలకు తీసిపోని నాణ్యతతో తెచ్చాయి. కంపెనీ బీరువాలో ఉండాల్సిన టేపులు దొంగల దగ్గర ఉంటే, అభిమాని అధికారిక ప్రతి కోసం ఎందుకు ఆగుతాడు? ఎఫ్‌టీడీ దానికి కంపెనీ ఇచ్చిన జవాబు. ఆర్‌సీఏతో పాటు అదీ ఇప్పుడు సోనీ నీడలో నడుస్తోంది.

ఇక తగువు విషయానికి వస్తే, మొదటిది అంతా ఇవ్వాలా, ఏరి ఇవ్వాలా అన్నది. టేపు మీద ఇంజనీరు టేకు నంబరు చదువుతాడు, వాద్యం మొదలవుతుంది, రెండు మాటలకే ఎల్విస్ ఆగిపోతాడు. సేకర్తల భాషలో ఇది "ఫాల్స్ స్టార్ట్". ఒక పాటకు ఇలాంటివి పది ఉండొచ్చు. సంపాదకుడు ఏరి మంచి టేకులు రెండో మూడో ఇస్తే వినడానికి హాయిగా ఉంటుందని ఒక పక్షం అంటుంది. సెషన్ మొత్తం మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఉన్నదున్నట్టు ఇవ్వాలని రెండో పక్షం పట్టుబడుతుంది. ఏరి ఇచ్చే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఒక పాటకు సంబంధించిన టేకులు ఒక విడుదలలో రెండు, ఇంకో విడుదలలో ఒకటి, పదేళ్ల తరవాత వచ్చిన పెట్టెలో మరొకటి అన్నట్టు చెల్లాచెదురవుతాయి. సెషన్ క్రమం తెలియాలంటే నాలుగైదు విడుదలలు కొని, టేకు నంబర్లు రాసుకుని, సొంతంగా వరస పెట్టుకోవాలి. అప్పటికి వాటిలో సగం అచ్చు ఆగిపోయి ఉంటాయి. ఎఫ్‌టీడీ సీడీలు కొన్నాళ్లకు అమ్మకం నుంచి తొలగిపోతాయి, ఆ తరవాత పాత సరుకు మార్కెట్లో వాటి ధర ఆకాశాన్ని అంటుతుంది.

ఈ విషయంలో పూర్తి సెషన్ కోరేవాళ్ల వైపే న్యాయం ఎక్కువుంది. వినసొంపైన ఎంపిక కావలసినవాళ్లకు ఇప్పటికే లెక్కలేనన్ని సంకలనాలున్నాయి. ఒక టేకు ఆగిపోవడానికి, తరవాతి టేకు మొదలవడానికి మధ్య జరిగిన సంభాషణ కూడా చరిత్రే. లయ కాస్త తగ్గించమని ఎల్విస్ డ్రమ్మరుకు చెప్పే మాటను "వ్యర్థం" కింద కత్తిరిస్తే, తరవాతి టేకు ఎందుకు అలా మారిందో ఎప్పటికీ తెలియదు. 2012లో ఎఫ్‌టీడీ తెచ్చిన "ఎ బాయ్ ఫ్రమ్ టుపెలో" ఇందుకు మంచి దారి చూపింది. 1954, 55 సంవత్సరాల రికార్డింగుల్లో దొరికినవన్నీ మూడు సీడీల్లో సర్ది, ఆ రెండేళ్ల ప్రయాణాన్ని రోజువారీగా చెప్పే పెద్ద పుస్తకం జతచేశారు. అరిగిపోయిన రేడియో డిస్కుల్లో ఎల్విస్ గొంతు గరగరల కింద నుంచి వినిపించేవి కూడా అందులో ఉన్నాయి. శబ్దం బాగాలేదని పెద్దగా ఎవరూ వంక పెట్టలేదు. అది ఎక్కడిదో, ఏ స్థితిలో దొరికిందో పుస్తకంలో స్పష్టంగా చెప్పి ఉంది కాబట్టి. 2017లో సోనీ దాన్నే తక్కువ ధరకు అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అంతకుముందు ఎక్కువ పోసి కొన్నవాళ్లలో కొందరికి ఇది కష్టంగా తోచింది. కానీ అరుదుగా ఉండటమే విలువ అనుకునే మనస్తత్వాన్ని చరిత్రకు కొలమానం చెయ్యలేం.

రెండో తగువు ఇంకా లోతైనది, గొంతునూ వాద్యాలనూ తగిన పాళ్లలో కలిపే మిక్సింగుకు సంబంధించింది. 1970 జూన్‌లో నాష్‌విల్‌లోని ఆర్‌సీఏ స్టూడియో బీలో ఎల్విస్ ఐదు రాత్రుల్లో 30కి పైగా పాటలు పాడాడు. జేమ్స్ బర్టన్ గిటారు, డేవిడ్ బ్రిగ్స్ పియానో, నార్బర్ట్ పట్నమ్ బేస్, జెర్రీ క్యారిగన్ డ్రమ్స్. గదిలో అందరూ కలిసి ఒకేసారి వాయిస్తుంటే మధ్యలో నిలబడి పాడాడు. సెషన్ అయిపోయాక, ఎల్విస్ లేనప్పుడు, ఫెల్టన్ జార్విస్ వాటికి వయొలిన్లు, బాకాలు, కోరస్ గొంతులు చేర్పించాడు. జనం విన్నవి ఆ అలంకరణతో కూడిన పాటలే. 2020లో "ఫ్రమ్ ఎల్విస్ ఇన్ నాష్‌విల్" పేరుతో నాలుగు సీడీల పెట్టె వచ్చింది. మెంఫిస్ ఇంజనీరు మాట్ రాస్-స్పాంగ్ గొంతు, వాద్యాలు విడివిడి ట్రాకుల్లో ఉన్న పాత మల్టీట్రాక్ టేపుల నుంచి ఆ చేర్పులన్నీ తీసేసి, గదిలో ఉన్నవాళ్లు వాయించింది మాత్రమే ఉంచి కొత్తగా మిక్స్ చేశాడు. 2024లో వచ్చిన "మెంఫిస్" పెట్టెకూ అదే పద్ధతి.

విన్నవాళ్లు రెండుగా చీలిపోయారు. గిటారు తీగ మీద బర్టన్ వేలి కదలిక, ఎల్విస్ ఊపిరి తీసుకోవడం, పియానో గొంతుకు జవాబు చెప్పడం ఇప్పుడే వినిపించాయని సంబరపడినవాళ్లు ఒకవైపు. ఇది 1970లో ఎవరూ వినని పాట, దీనికి ఎల్విస్ ఆమోదం ఎక్కడుందని అడిగేవాళ్లు ఇంకోవైపు. రెండో పక్షం ప్రశ్న గట్టిదే. అలంకరణ తీసేయడం కూడా ఒక రకం కొత్త అలంకరణే. గొంతును ఎంత ముందుకు తేవాలి, డ్రమ్స్ ఎంత బిగ్గరగా ఉండాలి, ఎంత ప్రతిధ్వని కలపాలి అనే నిర్ణయాలన్నీ 2020లో ఒక ఇంజనీరు తీసుకున్నవి. "గిటార్ మ్యాన్"తో పోలిస్తే ఇక్కడ కొత్తగా ఎవరూ వాయించలేదు, తేడా నిజమే. అయినా ఇదే "అసలు" అని అట్ట మీద రాసే హక్కు ఎవరికీ లేదు.

"సస్పీషియస్ మైండ్స్" చూస్తే చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. 1969 జనవరిలో మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోలో చిప్స్ మోమన్ నిర్మాణంలో అది రికార్డయింది. చివర్లో పాట మెల్లగా తగ్గిపోయి, అయిపోయిందనుకునేసరికి మళ్లీ పైకి లేస్తుంది. ఆ మలుపు మోమన్‌ది కాదు, తరవాత ఫెల్టన్ జార్విస్ చేర్చింది. మోమన్‌కు అది నచ్చలేదు. కానీ 1969 నవంబరులో అమెరికాలో మొదటి స్థానానికి చేరిన పాట ఆ మలుపుతో ఉన్నదే. ఎల్విస్ బతికుండగా అక్కడ మొదటి స్థానం అందుకున్న చివరి పాటా అదే. ఆ తగ్గి లేవడం తీసేస్తే మోమన్ స్టూడియోలో తీసిన పాట దొరుకుతుంది, చరిత్రలో నిలిచిన పాట పోతుంది. రెండూ నిజమైన పత్రాలే. ఒకటి మెంఫిస్ గదిలో జరిగినదానికి సాక్ష్యం, ఇంకోటి ప్రపంచం విన్నదానికి సాక్ష్యం. ఒకదాన్ని రెండోదాని స్థానంలో కూర్చోబెట్టినప్పుడే తప్పు జరుగుతుంది.

ఎల్విస్ మాటే తుది మాట అని పట్టుకుంటే తగువు తెగుతుందా అంటే, అదీ కుదరదు. 1960 ఏప్రిల్ 4 తెల్లవారుజామున నాష్‌విల్‌లో "ఆర్ యూ లోన్‌సమ్ టునైట్" పాడేటప్పుడు ఎల్విస్ స్టూడియోలో దీపాలు ఆర్పించాడు. పాడాక తనకు నచ్చలేదు, ఈ పాటను తీసిపారెయ్యమన్నాడు. సెషన్ నడిపిస్తున్న ఆర్‌సీఏ నిర్మాత స్టీవ్ షోల్స్ ఆ మాట వినలేదు. చీకట్లో మైకు స్టాండుకు ఏదో తగిలి శబ్దం వచ్చిందని చెప్పి ఇంకోసారి పాడించాడు. ఇంజనీరు బిల్ పోర్టర్ తరవాత చాలాసార్లు చెప్పిన ముచ్చట ఇది. ఆ ఏడాది చివరికి ఆ పాట అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. గాయకుడి నిరాకరణను అక్షరాలా పాటించి ఉంటే ప్రపంచానికి ఆ పాటే లేదు. అందుకని ఎల్విస్ వద్దన్నాడు కాబట్టి అవుట్‌టేక్‌లు, అంటే పక్కన పెట్టిన టేకులు, విడుదల చెయ్యకూడదనే వాదన నిలవదు. వద్దన్నాడన్న సంగతిని దాచకుండా చెప్పడం మాత్రం విడుదల చేసేవాళ్ల బాధ్యత.

శబ్దాన్ని శుభ్రం చెయ్యడం మీద జరిగే చర్చలు చాలా సాంకేతికంగా ఉంటాయి గానీ సారం చిన్నదే. మొదట కావలసింది అసలు టేపుకు అత్యంత దగ్గరి ప్రతి. కాపీకి కాపీ తీసినకొద్దీ హిస్ (టేపు బుస శబ్దం) పెరుగుతుంది, పదును తగ్గుతుంది. 1970ల టేపుల్లో కొన్నింటికి జిగురు జబ్బు ఉంటుంది. పూతను పట్టి ఉంచే బంధకం తేమ పీల్చి మెత్తబడి, టేపు యంత్రం తలలకు అంటుకుంటుంది. దాన్ని తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, వెంటనే డిజిటల్‌లోకి ఎక్కించాలి. అక్కడిదాకా అభిప్రాయభేదం లేదు. తరవాతే వస్తుంది. హిస్ తీసెయ్యడానికి సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా వాడితే గొంతులోని గాలి కూడా పోతుంది. మిగతా పాటల పక్కన బిగ్గరగా వినిపించాలని కంప్రెషన్ (శబ్దంలోని హెచ్చుతగ్గులను నొక్కెయ్యడం) పెంచితే మంద్రానికీ తారానికీ తేడా నశిస్తుంది. 2002లో బాగా అమ్ముడైన ఎల్విస్ నంబర్ వన్ పాటల సంకలనం మీద సేకర్తల ఫిర్యాదు ఇదే. 2010లో విడుదలైన 30 సీడీల సంపూర్ణ మాస్టర్ల సెట్‌కు ఇంజనీరు విక్ అనెసీని చేసిన మాస్టరింగును (విడుదలకు ముందు శబ్దాన్ని తుదిగా సరిదిద్దే పనిని) ఇప్పటికీ మెచ్చుకుంటారు. అందులో జోక్యం తక్కువ. సన్ స్టూడియోలో రెండు ఆంపెక్స్ టేపు యంత్రాల మధ్య చిన్న ఆలస్యంతో సామ్ ఫిలిప్స్ పుట్టించిన ప్రతిధ్వని ఎల్విస్ తొలి పాటలకు ప్రాణం. దాన్ని "మురికి" అనుకుని తుడవబోయే రీమాస్టరింగు కంటే కాస్త హిస్ వినిపించడం వెయ్యి రెట్లు మేలు.

హక్కుల చట్టాలు ఈ రంగాన్ని ఎంతగా నడిపిస్తాయో బయటివాళ్లకు అంతగా కనబడదు. యూరప్‌లో ఒకప్పుడు రికార్డింగు హక్కులకు 50 ఏళ్లే గడువు. 1954 జూలైలో పాడిన "దట్స్ ఆల్ రైట్" 2005 మొదటి రోజున అక్కడ అందరి సొత్తయింది. గడువును 70 ఏళ్లకు పెంచే ఆదేశం 2011లో వచ్చి 2013లో అమలైంది. కానీ అప్పటికే గడువు తీరినవాటికి అది వర్తించలేదు. దాంతో 1962 దాకా విడుదలైన ఎల్విస్ పాటలను యూరప్‌లో ఎవరైనా వేసుకోవచ్చు. మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్ లాంటి స్వతంత్ర లేబుళ్లు ఆ అవకాశాన్ని వాడుకుని పుస్తకాలు జతచేసిన చక్కటి సెట్లు తెచ్చాయి. అమెరికాలో లెక్క వేరు. 2018 చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య దాకా వచ్చిన రికార్డింగులకు 2067 వరకు రక్షణ ఉంది. ఒకే సీడీ ఒక దేశంలో సక్రమం, ఇంకో దేశంలో అక్రమం. సేకర్తల్లో "ఇది బూట్‌లెగ్, కాదు" అనే వాదాలు సగం ఈ తేడా వల్లే.

భారతదేశంలో గడువు 60 ఏళ్లు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు లెక్క. అంటే 1964 దాకా వచ్చిన తెలుగు గ్రామఫోన్ రికార్డులకు, రికార్డింగు హక్కు వరకు, గడువు తీరిపోయింది. పాత తెలుగు పాటల సేకర్తలకు ఎల్విస్ గొడవ పరాయిది కాదు. 78 ఆర్‌పీఎమ్ రికార్డు ఒక పక్కన మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవడం, ఆలాపన కుదించడం జరిగేది. అసలు పాట తెరమీదిదా, రికార్డు మీదిదా అని మనవాళ్లూ అడుగుతూనే ఉన్నారు. తేడా ఏమిటంటే, ఏ టేకు ఏ రోజు ఎవరు వాయించారో చెప్పే యోర్గెన్‌సన్ తరహా చిట్టా మన పాటలకు లేదు. రికార్డులు దాచుకున్న ఇళ్లు, వాటి వివరాలు నోటిమాటగా చెప్పగలిగే పెద్దలు ఉండగానే అది తయారుకావాలి.

ఇప్పుడు ఎక్కువ వేడి పుట్టిస్తున్నది 1970ల కచేరీల సంగతి. వేదిక దగ్గరి మిక్సర్ నుంచి రోజువారీ పరిశీలన కోసం నేరుగా తీసిన మోనో టేపులే సౌండ్‌బోర్డు టేపులు. హాలులో డ్రమ్స్, బాకాలు ఎలాగూ వినిపిస్తాయి కాబట్టి మిక్సర్‌లో వాటి పాలు తక్కువ, గొంతు పాలు ఎక్కువ. అందువల్ల ఆ టేపుల్లో ఎల్విస్ చెవి పక్కనే ఉన్నట్టు ఉంటాడు, బ్యాండు ఎక్కడో దూరంగా ఉంటుంది. ఊపిరి ఆడకపోవడం, మాట తడబడటం, ఒక రాత్రి అలసట, ఇంకో రాత్రి అనుకోని ఉత్సాహం, ఏదీ దాగదు. ముఖ్యంగా 1977 టేపులు వినడం కష్టం. అదే ఏడాది జూన్‌లో ఒమాహా, రాపిడ్ సిటీలలో సీబీఎస్ చిత్రీకరించిన ప్రదర్శన అతని మరణం తరవాత, అక్టోబరు 3న టీవీలో వచ్చింది. ఆల్బమ్ వచ్చింది గానీ వీడియోను అధికారికంగా ఇప్పటికీ విడుదల చెయ్యలేదు. జబ్బుతో ఉన్న మనిషిని అలా చూపించడం అవమానమని ఎల్విస్ ఆస్తి, హక్కులు చూసే ఎస్టేట్ వైపు వాదన. రాపిడ్ సిటీలో పియానో ముందు కూర్చుని "అన్‌చెయిన్డ్ మెలొడీ" పాడిన తీరు చూసినవాళ్లు దాన్ని ఒప్పుకోరు. దేహం చేతులెత్తేసినా గొంతు ఇంకా ఎంత పైకి వెళ్లగలదో ఆ పాట చూపిస్తుంది. దాచిపెడితే అతని చివరి ఏడాది గురించి జనానికి వదంతులే మిగులుతాయి.

అందుబాటులోకి వచ్చిన కొత్త పరికరం ఈ చర్చను మరో మెట్టు ఎక్కించింది. బీటిల్స్ పాత టేపులకు వాడినట్టుగా, ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన గొంతునూ వాద్యాలనూ కంప్యూటరుతో విడదీయడం ఇప్పుడు సాధ్యం. సౌండ్‌బోర్డు మోనో టేపులకు దీన్ని వాడితే దూరంగా ఉన్న బ్యాండును దగ్గరికి తేవచ్చు. కొందరు సేకర్తలకు అది వరం. మరికొందరికి, ఎలక్ట్రానిక్ స్టీరియో చేదు మరిచిపోనివాళ్లకు, అది అదే పాపం కొత్త వేషంలో రావడం. విడదీసినప్పుడు యంత్రం కొంత ఊహించి పూడుస్తుందన్నది నిజం. విడదీయని టేపును కూడా పక్కనే ఇస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది. స్ట్రీమింగులో ఇదింకా అవసరం. అక్కడ పాట పేరు అదే ఉంచి లోపలి మిక్స్ మారిస్తే వినేవాళ్లకు తెలిసే దారి లేదు, పాత సీడీ ఉన్నవాళ్లకు తప్ప.

దీని వెనక గడియారం ఒకటి నడుస్తోంది. యూరప్ చట్టంలో, రికార్డు చేసి 50 ఏళ్లలోపు విడుదల చెయ్యని రికార్డింగుకు రక్షణ పోతుంది. 2012 చివర్లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాత టేకులను సుమారు వంద ప్రతులు మాత్రమే వేసి అమ్మడానికి కారణం ఆ నిబంధనే. 1977లో రికార్డయి ఇంకా బీరువాలో ఉన్న ఎల్విస్ టేపులకు ఆ గడువు 2027 డిసెంబరు 31తో తీరుతుంది. ఆలోపు సోనీ వాటిని హక్కుల కోసం హడావుడిగా, వివరాలు లేకుండా, కొద్ది ప్రతులుగా వదిలిపెడుతుందా, తేదీ, ఊరు, టేపు స్థితి రాసి, కోతలు లేకుండా ఇస్తుందా అన్నదే సేకర్తలు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న.